ముప్పేటలో దాగిన పట్టు

మేక కాళ్లను సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించి చేసిన పాయాను చలికాలంలో రాత్రంతా గిన్నెలో వదిలేస్తే, తెల్లారేసరికి అది గడ్డకట్టి, గరిటె తగిలితే వణికే ముద్దగా మారుతుంది. ఆ గడ్డకట్టే గుణం జెలటిన్‌ది. అది మసాలాతోనో నీళ్లతోనో వచ్చింది కాదు. మేక కాలి చర్మంలో, ఎముకలో, కండరాన్ని ఎముకకు కట్టిపడేసే తెల్లని స్నాయువుల్లో ఉన్న కొల్లాజెన్ అనే ప్రోటీన్ వేడికి పేటలు వీడి నీళ్లలో కలిసింది. చల్లారాక ఆ విడిపేటలు ఒకదానికొకటి చిక్కుపడి నీటిని పట్టి ఉంచాయి. కొల్లాజెన్ అన్న పేరే గ్రీకులో జిగురుకున్న మాట నుంచి వచ్చింది. తోళ్లూ ఎముకలూ ఉడికించి జిగురు తీసే పని అంత పాతది. స్నాయువులోని కొల్లాజెన్‌లో అమైనో ఆమ్లాలు ఏ వరుసలో ఉన్నాయో, పాయాలోని జెలటిన్‌లోనూ చాలావరకు అదే వరుసలో ఉంటాయి. మారింది వరుస కాదు, పేనిన తీరు. పేని ఉన్నంతకాలం అది ఒంటి బరువు మోస్తుంది. పేట వీడితే చెంచాకు లొంగుతుంది. మరి శరీరంలోని కణాలు ఈ రెండింటినీ ఒకే పదార్థంగా చూస్తాయా? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి 1984 నుంచి 2000 దాకా పదహారేళ్లు పట్టింది. కణం కొల్లాజెన్‌ను పట్టుకునే చోటు అమైనో ఆమ్లాల వరుసలో మాత్రమే లేదు, ఆ వరుసను మూడు పేటలుగా పేనిన ఆకారంలో ఉంది; కనుక ఆ పట్టును విడిపించే కృత్రిమ పెప్టైడ్ చేయాలంటే వరుసను అనుకరిస్తే చాలదు, ఆకారాన్నీ అనుకరించాలి. ఈ అధ్యాయంలో నేను నిలబెట్టదలచుకున్న వాదన ఇదే.

ముందు ఆ తాడు సంగతి. మన ఒంట్లోని ప్రోటీన్‌లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కొల్లాజెనే. అందులో ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ ఉంటుంది. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది గ్లైసిన్. మూడు పేటలు బిగుతుగా చుట్టుకున్నప్పుడు నడిమధ్యన మిగిలే ఇరుకులో ఇమిడేది అదొక్కటే. మిగతా రెండు స్థానాల్లో ప్రోలిన్, దానికి ఒక ఆక్సిజన్ తోడైన హైడ్రాక్సీప్రోలిన్ తరచుగా కనిపిస్తాయి. ఆ ఆక్సిజన్‌ను తగిలించడానికి విటమిన్ సి కావాలి. అది లేక తాడు వదులైపోతే చిగుళ్లు రక్తమోడే స్కర్వీ వస్తుంది. ఈ ముప్పేట నిర్మాణాన్ని మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ప్రతిపాదించి, 1955లో సవరించి, మూడు పేటలూ మళ్లీ ఒకదాని చుట్టూ ఒకటి మెలి తిరిగి ఉంటాయని చూపించారు. మన పొరుగున, పరిమితమైన పరికరాలతో జరిగిన ఆ పని లేకపోతే ఇక్కడ చెప్పబోయే కథకు పునాదే ఉండేది కాదు. చర్మంలో, ఎముకలో ఉండే మొదటి రకం కొల్లాజెన్‌లో ఒక్కో పేటలో వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలుంటాయి. మూడూ కలిసిన అణువు పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటర్లు. అంటే మందానికి రెండు వందల రెట్లు పొడవున్న సన్నని కడ్డీ. ఇంత పొడవైన, చూడటానికి అంతటా ఒకేలా ఉన్న ఈ కడ్డీ మీద కణం ఎక్కడ చెయ్యి వేస్తుంది?

కణాలు పట్టు కోసం వెతకడం చిన్న విషయం కాదు. చాలా రకాల కణాలు దేనినీ అంటుకోకుండా తేలుతూ ఉండిపోతే చనిపోతాయి. గాయం మానేటప్పుడు కొత్త కణాలు కొల్లాజెన్‌ను పట్టుకుంటూ ముందుకు పాకుతాయి. రక్తనాళం తెగితే దాని గోడలోని కొల్లాజెన్ బయటపడుతుంది. రక్తంలో తిరుగుతున్న ప్లేట్‌లెట్లు దానికి అతుక్కుని రక్తస్రావాన్ని ఆపే పని మొదలుపెడతాయి. అదే అతుకు గుండె ధమనిలో పగిలిన కొవ్వు గడ్డ మీద జరిగితే గుండెపోటు వస్తుంది. ఈ పట్టును ప్రయోగశాలలో కొలిచే పద్ధతి తేలికైనది. ప్లాస్టిక్ పలకలోని చిన్న చిన్న గుంటల్లో కొల్లాజెన్ పూత పూస్తారు. వాటిలో కణాలను వేసి గంటో గంటన్నరో ఆగి, కడిగేసి, ఎన్ని మిగిలాయో లెక్కిస్తారు. కణాలతో పాటు ఒక చిన్న పెప్టైడ్‌ను, అంటే కొన్ని అమైనో ఆమ్లాల గొలుసును, ద్రావణంలో కలిపినప్పుడు అతుక్కున్న కణాలు తగ్గాయనుకోండి. కణం చేతులు కొల్లాజెన్‌కు బదులు ఆ పెప్టైడ్‌ను పట్టుకున్నాయని, అందువల్ల అసలు పట్టుకు ఖాళీ లేకపోయిందని ఊహిస్తారు. ఇలా అడ్డుకోవడాన్నే ఆధారంగా తీసుకుని పట్టు ఉన్న చోటును వెతకవచ్చు. ఊహ సహేతుకమైనదే. కానీ ఇందులో ఒక బలహీనత దాగి ఉంది, దాన్ని తర్వాత చూద్దాం.

ఈ పద్ధతికి గొప్ప విజయం మొదట కొల్లాజెన్‌తో కాదు, ఫైబ్రోనెక్టిన్ అనే మరో ప్రోటీన్‌తో దొరికింది. అందులో ఒక్కో గొలుసులో రెండు వేలకు పైగా అమైనో ఆమ్లాలున్నాయి. కాలిఫోర్నియాలోని లా హోయాలో మైకేల్ పియర్ష్‌బాకర్, ఎర్కీ రూస్లాహ్టీ ఆ పెద్ద ప్రోటీన్‌ను ముక్కలు చేసుకుంటూ, కణాలు ఇంకా అతుక్కుంటున్న ముక్కను ఎంచుకుంటూ, దాన్ని ఇంకా చిన్నది చేసుకుంటూ వెళ్లారు. చివరికి 1984లో నాలుగు అమైనో ఆమ్లాల దగ్గర ఆగారు. అందులోనూ ముఖ్యమైనవి మొదటి మూడు: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. రసాయన శాస్త్రవేత్తలు ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం పెట్టుకున్నారు కనుక ఈ మూడింటినీ ఆర్‌జీడీ అంటారు. ఇంత పొట్టి గొలుసును గుంట అడుగున అతికిస్తే కణాలు దానికి అంటుకున్నాయి. ద్రావణంలో వదిలితే ఫైబ్రోనెక్టిన్‌కు అంటుకోకుండా అడ్డుపడింది. ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు దానికంటే ఒక్క కార్బన్ మాత్రమే ఎక్కువున్న గ్లుటామిక్ ఆమ్లం పెడితే ఏ ప్రభావమూ లేదు. కోరిన వరుసలో పెప్టైడ్‌ను చిన్న పూసలకు అతికించి ఒక్కో అమైనో ఆమ్లాన్ని కలుపుతూ పోయే పద్ధతిని 1963లో ప్రకటించిన బ్రూస్ మెరిఫీల్డ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది కూడా అదే 1984లో. ఆ పద్ధతి చేతిలో లేకపోతే ఇలా అక్షరం మార్చి చూసే ప్రయోగం ఆలోచనలోనే ఉండిపోయేది. మరుసటి ఏడాది అదే బృందం ఫైబ్రోనెక్టిన్‌కు అతుక్కుని ఉన్న కణం చేతిని, అంటే దాని గ్రాహకాన్ని, ఈ చిన్న పెప్టైడ్‌తోనే విడిపించి వేరు చేసింది. అలా పెప్టైడ్ అడ్డుగోడగానే కాదు, వలగా కూడా పనికొచ్చింది. 1986లో రిచర్డ్ హైన్స్ బృందం ఇలాంటి గ్రాహకాల కుటుంబానికి ఇంటెగ్రిన్ అని పేరు పెట్టింది. మనిషిలో 18 ఆల్ఫా గొలుసులు, 8 బీటా గొలుసులు జతకట్టి మొత్తం 24 ఇంటెగ్రిన్లు ఏర్పడతాయని తర్వాత తేలింది.

రెండు వేల అక్షరాల ప్రోటీన్ చేసే పనిని మూడక్షరాలు చేయగలిగితే, ఏ ప్రోటీన్ రహస్యమైనా ఇలాగే మూడు నాలుగు అక్షరాలకు కుదించవచ్చన్న ఆశ పుట్టడం సహజం. ఆ ఆశను కొల్లాజెన్ నెరవేర్చలేదు. విచిత్రమేమిటంటే మొదటి రకం కొల్లాజెన్ గొలుసుల్లో కూడా అక్కడక్కడా ఆర్‌జీడీ వరుస ఉంది. దాన్ని చూసి, ఎముక కణితి నుంచి వచ్చిన కణాల మీద 1987లో జరిగిన ఒక పరిశోధన, కొల్లాజెన్ గ్రాహకం కూడా ఆర్‌జీడీనే గుర్తిస్తుందని ప్రకటించింది. అయితే ముప్పేటగా పేనిన కొల్లాజెన్ మీద, దాని ప్రధాన గ్రాహకమైన ఆల్ఫా-2 బీటా-1 ఇంటెగ్రిన్ ద్వారా అతుక్కున్న కణాలను ఆర్‌జీడీ పెప్టైడ్‌లు కదిలించలేకపోయాయి. అదే కొల్లాజెన్‌ను వేడి చేసి పేటలు విప్పితే కథ తారుమారైంది. అప్పుడు కణాలు వేరే ఇంటెగ్రిన్లతో, ముఖ్యంగా ఆల్ఫా-వి బీటా-3తో, ఆర్‌జీడీని పట్టుకున్నాయి. ఆర్‌జీడీ పెప్టైడ్ ఆ పట్టును విడిపించింది. పాయా గిన్నె దగ్గర అడిగిన ప్రశ్నకు ఇది మొదటి జవాబు. కణానికి తాడు వేరు, విడిపేట వేరు. రెండింటినీ రెండు వేర్వేరు చేతులతో పట్టుకుంటుంది. పేనిన తాడులో ఆర్‌జీడీ ఉన్నా, అది గట్టిగా సాగదీసిన భంగిమలో బిగిసి ఉంటుంది. ఇంటెగ్రిన్‌కు కావలసిన వంపు దానికి రాదు. కొల్లాజెన్ దెబ్బతిని పేట వీడిన చోటే ఆ అక్షరాలు చదవడానికి వీలవుతాయి. శరీరం ఈ తేడాను గాయానికి గుర్తుగా వాడుకుంటూ ఉండవచ్చని చాలామంది భావించారు. ఆ ఆలోచన నాకూ నచ్చుతుంది.

అయితే పేనిన కొల్లాజెన్‌లో అసలు పట్టు ఎక్కడ? సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ సాంటోరో బృందం దీనికి 1991లో ఒక జవాబు ఇచ్చింది. సయనోజెన్ బ్రోమైడ్‌తో కొల్లాజెన్ గొలుసును కొన్ని నిర్దిష్ట స్థానాల్లో కోస్తే వచ్చే ముక్కల్లో సీబీ3 అనేది ఒకటి. ఆల్ఫా-2 బీటా-1 దాన్ని మొత్తం కొల్లాజెన్‌తో సమానంగా గుర్తిస్తుంది. ఆ ముక్కలోని వరుసల నుంచి చిన్న పెప్టైడ్‌లు చేసి పరీక్షించి, డీజీఈఏ అనే నాలుగక్షరాల వరుస ప్లేట్‌లెట్ల అతుకును అడ్డుకుంటుందని వారు చూపించారు. ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం, అలనిన్. ఆర్‌జీడీ కథకు ఇది సహజమైన కొనసాగింపులా కనిపించింది. ఇక్కడా నాలుగక్షరాలే, ఇక్కడా ఆమ్ల గుణమున్న అక్షరాలే. డీజీఈఏ త్వరలోనే పాఠ్యపుస్తకాల్లోకి, పెప్టైడ్ అమ్మే కంపెనీల జాబితాల్లోకి చేరింది. ఇప్పటికీ ఆల్ఫా-2 బీటా-1కి నిరోధకంగా దాన్ని వాడే ప్రయోగశాలలు చాలానే ఉన్నాయి.

కేంబ్రిడ్జ్‌లో మైకేల్ బార్న్స్, గ్రాహమ్ నైట్, రిచర్డ్ ఫార్న్‌డేల్ ప్రశ్నను ఇంకో విధంగా వేశారు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే అందంగా కనిపించే మలుపు ఇది. సీబీ3 ముక్క మొత్తాన్నీ ఒకదాని మీదికి ఒకటి కొంత వచ్చేలా ఏడు పెప్టైడ్‌లుగా విభజించి తయారు చేశారు. కానీ వాటిని విడి గొలుసులుగా వదిలేయలేదు. ప్రతి దానికీ రెండు చివర్లా, ముప్పేటగా చుట్టుకోవడం తప్ప మరో దారి లేని వరుసను, గ్లైసిన్-ప్రోలిన్-ప్రోలిన్ పదే పదే వచ్చే వరుసను, జోడించారు. తాడు చివర ముడి వేస్తే మధ్యలో పేటలు వీడవు కదా. అలా ఆ ఏడు పెప్టైడ్‌లూ ద్రావణంలో వాటంతట అవే మూడేసి కలిసి పేనుకున్నాయి. 1998లో వెలువడిన ఫలితం స్పష్టంగా ఉంది. ఐదో, ఆరో పెప్టైడ్‌లు ఇంటెగ్రిన్‌ను పట్టుకున్నాయి. డీజీఈఏ ఉన్న రెండో పెప్టైడ్ చెప్పుకోదగ్గంతగా పట్టుకోలేదు. ఐదూ ఆరూ కలిసే భాగంలోని పదిహేను అక్షరాల్లో కొన్నిటిని మార్చి చూస్తే, గ్లుటామిక్ ఆమ్లం, దాని పక్కనున్న ఆర్జినిన్ తప్పనిసరని తేలింది. వాటిలో దేన్ని అలనిన్‌గా మార్చినా పట్టు పోయింది. అదే భాగంలో కొంచెం అవతలున్న మరో గ్లుటామిక్ ఆమ్లాన్ని మారిస్తే పట్టు తగ్గలేదు, స్వల్పంగా పెరిగింది కూడా. 2000 నాటికి ఆరక్షరాల దాకా కుదించగలిగారు: గ్లైసిన్, ఫినైల్‌అలనిన్, హైడ్రాక్సీప్రోలిన్, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం, ఆర్జినిన్. అక్షరాల్లో చెబితే జీఎఫ్‌ఓజీఈఆర్. ఆల్ఫా-1 బీటా-1, ఆల్ఫా-2 బీటా-1 రెండూ దీన్నే గుర్తిస్తాయి. ఈ ఆరక్షరాలున్న ముప్పేట పెప్టైడ్ కొల్లాజెన్‌కు కణాల అతుకును బలంగా అడ్డుకుంది. అవే ఆరక్షరాలు ముప్పేటగా లేకుండా విడి గొలుసుగా ఉంటే ఆ గుణం లేదు. నా వాదనకు ఇంతకంటే సూటి ఆధారం అక్కర్లేదు. అక్షరాలు ఒకటే, ఫలితం వేరు. మధ్యలో మారింది ఆకారం ఒక్కటే.

ఆకారం ఎందుకంత అవసరమో అదే ఏడాది వచ్చిన స్ఫటిక చిత్రం చూపించింది. జోనాస్ ఎమ్స్‌లీ, రాబర్ట్ లిడింగ్టన్, కేంబ్రిడ్జ్ బృందం కలిసి ఇరవై ఒక్క అక్షరాల ముప్పేట పెప్టైడ్‌ను, ఇంటెగ్రిన్‌లో కొల్లాజెన్‌ను తాకే భాగాన్ని కలిపి స్ఫటికం చేసి, ఎక్స్ కిరణాలతో అణువుల స్థానాలు గుర్తించారు. ఇంటెగ్రిన్ ఉపరితలం మీద ఒక చిన్న గాడి, ఆ గాడి అడుగున ఒక లోహ అయాన్ ఉన్నాయి. తాడులోని ఒక పేట నుంచి గ్లుటామిక్ ఆమ్లం చెయ్యి చాచి ఆ లోహాన్ని పట్టుకుంది. అయితే పట్టు ఆ ఒక్క పేటదే కాదు. పక్క పేటలోని అక్షరాలు కూడా ఇంటెగ్రిన్‌కు ఆనుకున్నాయి. అంటే కణం చదివే సమాచారం ఒకే గొలుసు మీద లేదు, రెండు గొలుసుల మీద పంచి రాసి ఉంది. పేటలు వీడితే ఆ రెండు భాగాలూ చెరో దిక్కూ పోతాయి. అక్షరాలన్నీ ఉన్నా మాట ఉండదు. ఈ పట్టు పడగానే ఇంటెగ్రిన్ కూడా మారిపోయింది. దానిలోని ఒక కుండలి దాదాపు 10 ఆంగ్‌స్ట్రాంలు కిందికి జరిగింది. ఆ జరుగుడే బయట పట్టు పడిందన్న కబురును కణం లోపలికి చేరవేస్తుంది. ఆ తర్వాత 2002లో ఆర్‌జీడీని పట్టుకున్న ఆల్ఫా-వి బీటా-3 చిత్రం వచ్చినప్పుడు అక్కడా ఆస్పార్టిక్ ఆమ్లం లోహ అయాన్‌నే పట్టుకుని కనిపించింది. రెండు పట్ల వెనుకా రసాయన సూత్రం ఒకటే: ఆమ్లం, లోహం. తేడా అంతా ఆ ఆమ్లాన్ని సరైన చోట, సరైన కోణంలో నిలబెట్టే చట్రంలో ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలికగా తీసిపారేయదగ్గది కాదు. డీజీఈఏ పెప్టైడ్ చాలా ప్రయోగశాలల్లో కణాల అతుకును నిజంగానే తగ్గించింది కదా. ఆ కొలతలన్నీ అబద్ధమా? కావు. కానీ అడ్డుకోవడం ఒకటి, అసలు చోటు అదే కావడం ఒకటి. ఇందాక చెబుతానన్న బలహీనత ఇదే. ఒక పెప్టైడ్ కణాల అతుకును అనేక మార్గాల్లో తగ్గించగలదు. గ్రాహకంలో వేరే చోట అంటుకుని దాని ఆకారం మార్చవచ్చు. గాఢత ఎక్కువైతే ఆమ్ల గుణమున్న చిన్న గొలుసు ఇంటెగ్రిన్‌లోని లోహాన్ని బలహీనంగా తాకవచ్చు. కణాల ఆరోగ్యాన్నే దెబ్బతీయవచ్చు. పూత పూసిన కొల్లాజెన్‌లో పేట వీడిన భాగం ఎంతుందన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. అందుకే ఒక వరుస అసలు పట్టు అని ఒప్పుకోవడానికి అడ్డుకున్న ఒక్క సాక్ష్యం చాలదు. శుద్ధి చేసిన గ్రాహకం దాన్ని నేరుగా పట్టుకోవాలి, గుంట అడుగున అతికిస్తే కణాలు దాన్ని అంటుకోవాలి, ఒక్క అక్షరం మారిస్తే ఆ గుణం పోవాలి, వీలైతే స్ఫటికంలో కనిపించాలి. జీఎఫ్‌ఓజీఈఆర్ ఈ నాలుగింటిలోనూ నిలిచింది. డీజీఈఏ ముప్పేటగా పేనినప్పుడు మొదటి పరీక్షలోనే నిలవలేదు. సాంటోరో బృందం తప్పు చేసిందని నేను అనను. వాళ్లు వెతికిన ముక్క సరైనదే, జీఎఫ్‌ఓజీఈఆర్ కూడా అదే సీబీ3లో ఉంది. ఆనాటి పనిముట్టు విడి గొలుసు కావడంతో, అది చూడగలిగినంతే చూపించింది.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాజేంద్ర భట్నాగర్ మొదటి రకం కొల్లాజెన్ గొలుసులోని మరో చోటు నుంచి పదిహేను అక్షరాల పెప్టైడ్ చేశారు. దాని పేరు పీ-15. అది ముప్పేట కాదు, విడి గొలుసు. అయినా ద్రావణంలో వదిలితే కణాలు కొల్లాజెన్‌కు అంటుకోవడాన్ని తగ్గించింది. ఎముక ఖనిజపు రేణువుల మీద అతికిస్తే కణాలను ఆకర్షించింది. నా వాదన నిజమైతే ఇది జరగకూడదు కదా? దీనికి నా జవాబు రెండు భాగాలు. మొదటిది, భట్నాగర్ కూడా ఆకారాన్ని పక్కన పెట్టలేదు. ఆ వరుస మధ్యలో గొలుసు ఒక మలుపు తిరుగుతుందని, కణం గుర్తించేది ఆ మలుపునేనని ఆయన వాదించారు. కనుక ఆయన, కేంబ్రిడ్జ్ వాళ్లు విభేదించింది ఏ ఆకారమన్న దాని మీదే గాని, ఆకారం కావాలా వద్దా అన్న దాని మీద కాదు. రెండోది నాకు మరీ ఆసక్తికరంగా తోస్తుంది. పీ-15లోని గ్లైసిన్-ఐసోల్యూసిన్ బంధం ఉన్న చోటే కొల్లాజినేజ్ అనే ఎంజైమ్ కొల్లాజెన్‌ను కోస్తుంది. బిగుతుగా పేనిన తాడును మామూలు ఎంజైమ్‌లు కోయలేవు. కొల్లాజినేజ్ ఆ చోటునే ఎంచుకోవడానికి ఒక కారణం అక్కడ ప్రోలిన్లు తక్కువై తాడు కొంత వదులుగా ఉండటమని చాలామంది భావిస్తారు. తాడు సహజంగానే వదులైన చోట విడి గొలుసు కూడా అసలు ఆకారానికి కొంత దగ్గరగా రాగలదు. ఇది నా అనుమానమే, నిరూపణ కాదు. అయినా జీఎఫ్‌ఓజీఈఆర్‌కు ముప్పేట తప్పనిసరి కావడం, పీ-15కి కాకపోవడం పరస్పర విరుద్ధం కాదని చెప్పడానికి ఇది చాలు.

మందుల సంగతికి వస్తే ఆకారం విలువ ఇంకా తేటగా కనిపిస్తుంది. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలోని ఒక చిన్న గిలకపాము విషంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేసే ప్రోటీన్ ఉంది. అందులో ఆర్‌జీడీకి బదులు లైసిన్-గ్లైసిన్-ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. ఆ మూడక్షరాలను స్వల్పంగా మార్చి, గుండ్రని గొలుసులో బిగించి చేసిన ఎప్టిఫిబాటైడ్ 1998 నుంచి గుండెపోటు చికిత్సలో వాడుకలో ఉంది. అది ఆపేది ప్లేట్‌లెట్లకు ఫైబ్రినోజెన్ అనే మరో ప్రోటీన్‌తో ఉన్న పట్టును, కొల్లాజెన్‌తో ఉన్న పట్టును కాదు. మ్యూనిక్‌లో హోర్స్ట్ కెస్లర్ ఆర్‌జీడీని ఐదు అమైనో ఆమ్లాల వలయంలో బిగించి సిలెంజిటైడ్ తయారు చేశారు. మెదడు కణితులపై దాని పెద్ద పరీక్షలో 545 మంది పాల్గొన్నారు. 2014లో ఫలితం వచ్చినప్పుడు మందు ఇచ్చిన వారికీ ఇవ్వని వారికీ మధ్యస్థ జీవితకాలం 26.3 నెలలే. అంతకు ముందే, 2009లో, ఇలాంటి నిరోధకాలు చాలా తక్కువ గాఢతలో ఎలుకల్లో కణితి రక్తనాళాల పెరుగుదలను పెంచాయని తేలింది. అడ్డుకోవాల్సింది ప్రోత్సహించడమేమిటి? ఇందాకటి స్ఫటిక చిత్రాన్ని గుర్తు చేసుకుంటే ఈ చిక్కు వెనుక ఒక కారణం తోస్తుంది. ఇంటెగ్రిన్‌ను పట్టుకోవడమే దాని ఆకారాన్ని మార్చి లోపలికి కబురు పంపగలదు. అసలు దాన్ని బాగా అనుకరించే పెప్టైడ్ అసలు దాని కబురును కూడా అనుకరించే ప్రమాదం ఉంది.

కొల్లాజెన్ విషయంలో ఈ ప్రమాదం రెట్టింపు. ప్లేట్‌లెట్ మీద ఆల్ఫా-2 బీటా-1తో పాటు జీపీ-6 అనే మరో గ్రాహకం ఉంది. అది గ్లైసిన్-ప్రోలిన్-హైడ్రాక్సీప్రోలిన్ పదే పదే వచ్చే ముప్పేటను గుర్తిస్తుంది. ఆ మూడింటినీ పదిసార్లు రాసి, ముప్పేటగా పేని, వాటిని ఒకదానికొకటి కలిపితే ప్లేట్‌లెట్లను కొల్లాజెన్ కంటే జోరుగా రెచ్చగొట్టే పదార్థం తయారవుతుంది. 1998 కేంబ్రిడ్జ్ ప్రయోగంలో కూడా ఇంటెగ్రిన్‌ను పట్టుకోని పెప్టైడ్‌లు చాలావరకు ప్లేట్‌లెట్లను గుంపు కట్టించాయి. కనుక ఆల్ఫా-2 బీటా-1ని అడ్డుకోవాలని ముప్పేట పెప్టైడ్‌ను రక్తంలోకి ఎక్కిస్తే, అది మరో తలుపు తట్టి గడ్డను పెంచే అవకాశం ఉంది. ఇలాంటి పెప్టైడ్‌లు పెద్దవి, చేయడానికి ఖరీదైనవి, ముప్పేట ఒంటి వేడికి విడిపోతే పనికిరానివి. అలాగని ఆల్ఫా-2 బీటా-1 తలుపు మూయడం వృథా ప్రయత్నమా? 1985లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక మహిళ గురించి రాశారు. ఆమె ప్లేట్‌లెట్లు కొల్లాజెన్‌కు స్పందించలేదు, వాటిపై ఆల్ఫా-2 గొలుసు లోపించింది, ఆమెకు రక్తస్రావం ఆగడానికి ఎక్కువసేపు పట్టేది. ఆ పట్టు మనిషిలో నిజంగా పని చేస్తుందని దీన్ని బట్టి తెలుస్తుంది. మరోవైపు ఆల్ఫా-2 జన్యువు తీసేసిన ఎలుకలు బాగానే బతికాయి, గాయమైనప్పుడు వాటి రక్తం మామూలు సమయానికే ఆగింది. అంటే ఈ గ్రాహకాన్ని అడ్డుకోవడం ప్రాణాంతకం కాకపోవచ్చు, కానీ అదొక్కటే అడ్డుకుంటే గడ్డ ఆగుతుందన్న హామీ కూడా లేదు. ప్రకృతి ఈ సమస్యను వేరే దారిలో పరిష్కరించింది. జలగ నోటిలోని సరాటిన్ అనే ప్రోటీన్ కణం చేతిని పట్టుకోదు, కొల్లాజెన్‌నే కప్పేస్తుంది. గ్రాహకాన్ని తాకదు కనుక దాన్ని రెచ్చగొట్టే ప్రసక్తి ఉండదు.

ఈ లెక్కలన్నీ వేసుకుంటే, కొల్లాజెన్ పట్టును అనుకరించే పెప్టైడ్‌లకు రక్తనాళం కన్నా గట్టి ఉపరితలమే తగిన చోటని నా అభిప్రాయం. ద్రావణంలో తేలుతూ చేతిని ఖాళీ లేకుండా చేసే పెప్టైడే, లోహం మీదో ఖనిజం మీదో అతికించినప్పుడు ఆ చేతికి ఆసరా ఇస్తుంది. ద్రావణంలో ఒక్కో అణువు విడివిడిగా పట్టుబడి జారిపోతుంది. ఉపరితలం మీద పక్కపక్కనే వందలుంటే బలహీనమైన పట్లు కూడా కలిసి కణాన్ని నిలబెడతాయి. జార్జియా టెక్‌లో ఆండ్రెస్ గార్సియా బృందం టైటానియం మీద జీఎఫ్‌ఓజీఈఆర్ ముప్పేట పూత పూసి ఎలుకల ఎముకలో అమర్చితే, పూత లేని లోహం కంటే ఎముక దానికి బాగా అతుక్కుంది. పీ-15ను ఎముక ఖనిజపు రేణువులకు అంటించిన పదార్థం దంతవైద్యంలో ముందుగా వాడుకలోకి వచ్చింది. మెడ వెన్నుపూసలను కలిపే శస్త్రచికిత్సకు 2015లో అమెరికాలో అనుమతి పొందింది.

ఒక ప్రశ్న మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. మనం ఇంతసేపూ మాట్లాడింది ఒక్కో కొల్లాజెన్ అణువు గురించి. శరీరంలో ఆ కడ్డీలు ఒంటరిగా ఉండవు. వందల కొద్దీ పక్కపక్కన, ఒకదానికంటే ఒకటి కొంచెం వెనక్కి జరిగి, పోగులుగా అల్లుకుని ఉంటాయి. అలాంటి పోగు ఉపరితలం మీద జీఎఫ్‌ఓజీఈఆర్ ఎంతవరకు బయటికి కనిపిస్తుంది, ఎంతవరకు పక్క అణువుల కింద కప్పబడిపోతుంది? పలక గుంటలో విడి అణువుల పూత మీద గెలిచిన నిరోధక పెప్టైడ్, స్నాయువులోని పోగు మీద అదే బలంతో గెలుస్తుందని ముందే అనుకోలేం. కేంబ్రిడ్జ్ బృందం ఆ తర్వాత రెండో, మూడో రకాల కొల్లాజెన్‌ల పొడవునా వరుసగా యాభైకి పైగా ముప్పేట పెప్టైడ్‌లు తయారు చేసి, వాటిని ఇతర ప్రయోగశాలలకు కూడా అందించింది. వాటితో ఏ గ్రాహకం ఏ చోటును పట్టుకుంటుందో పటం గీయగలుగుతున్నారు. ఆ పటంలోని ఒక్కో చోటు పోగు మీద బయటికి ఉందో లోపల దాగి ఉందో చూడటం ఇప్పుడు మిగిలిన పని. పేట ఆకారం దగ్గర మొదలైన వెతుకులాట ఇప్పుడు పోగు ఆకారం దగ్గరికి వచ్చింది.